కాలిఫోర్నియా నేల ఉడుతలు, మన చెలక గట్టు మీది బొరియలు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. నర్సంపేట దగ్గర మీకు పత్తి చెలక, కొంత మక్కజొన్న ఉన్నాయి. ఈమధ్య ఆరు నెలలు కాలిఫోర్నియాలో కొడుకు దగ్గర ఉండి వచ్చారు. అక్కడ ఇంటి వెనక గుట్ట మీద బొరియల్లో కాపురముండే ఉడుతలను రోజూ చూశారు, మీ మనవరాలు వాటికి చేత్తో పల్లీలు కూడా పెట్టేది. తిరిగి వచ్చాక మీ చెలక గట్టు మీద కూడా బొరియలూ, వాటి చుట్టుపక్కల తిరుగుతున్న ఉడుతలూ కనిపించాయి. అవీ ఇవీ ఒకటేనా, అవి ఏటా నెలల తరబడి నిద్రపోతాయన్న మాట నిజమేనా, గద్ద కనబడగానే వాటిలో ఒకటి నిలబడి ఎందుకు అరుస్తుంది, చేత్తో తినిపించడం మంచిదేనా, గట్టుకు వాటి వల్ల ముప్పు ఉందా అని అడిగారు. హనుమకొండలో చాలా ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెప్పినవాణ్ని, అక్కడి ఉడుతలను మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు నేనూ గంటల తరబడి చూసినవాణ్ని కనుక కొంచెం విపులంగానే చెబుతాను.

అవీ ఇవీ ఒకటి కావు. మీ గట్టులోని బొరియలు ఉడుత తవ్వినవి కావు, అవి ఎలుకలవో పందికొక్కులవో అయి ఉంటాయి. మన ఉడుత నేల మీదికి మేతకు దిగుతుంది, అదిరితే దగ్గరలో ఉన్న రాళ్లకుప్పలోకో ఎవరో తవ్విన కన్నంలోకో దూరుతుంది, అంతే తప్ప నేలను తవ్వి ఇల్లు కట్టుకోదు. దాని గూడు చెట్టు కొమ్మల పంగలోనో, ఇంటి దూలాల సందులోనో ఉంటుంది. పీచు, గడ్డి, మీలాంటి పత్తి రైతుల ఊళ్లలో అయితే దూదిపింజలు కూడా తెచ్చి మెత్తగా పరుచుకుంటుంది.

ఉడుతల కుటుంబం పెద్దది, అందులో 280కి పైగా జాతులున్నాయి. చెట్ల మీద బతికేవి కొన్ని, కాళ్ల మధ్య చర్మాన్ని గొడుగులా చాచి చెట్టు నుంచి చెట్టుకు జారిపోయేవి కొన్ని, నేలను తవ్వుకొని బతికేవి కొన్ని. మన పెరట్లో తిరిగేవి చెట్టు ఉడుతల్లో ఒక చిన్న తెగ. దాని శాస్త్రీయ నామం ఫునాంబులస్, అంటే లాటిన్‌లో తాడు మీద నడిచేది అని అర్థం. కరెంటు తీగల మీద దాని పరుగు చూసినవారెవరైనా ఆ పేరును మెచ్చుకుంటారు. వీటిలో వీపు మీద మూడు చారలున్నది దక్షిణాదికి, ఐదు చారలున్నది ఉత్తరాదికి చెందినవి, మన దక్కనులో ఆ రెండింటి హద్దులూ కలుస్తాయి. ఉడుతాభక్తికి మెచ్చి రాముడు మూడు వేళ్లతో నిమిరాడని కథ చెప్పాక, ఐదు చారల ఉడుతను చూపించి "దీన్ని ఎవరు నిమిరారు సార్?" అని అడిగే విద్యార్థి ప్రతి తరగతిలోనూ ఒకడు ఉండేవాడు.

నేల ఉడుతలు ఇదే కుటుంబంలో వేరే శాఖ. ఉత్తర అమెరికా, ఐరోపా, మధ్య ఆసియాలలోని పచ్చిక మైదానాలూ కొండవాలులూ వాటి నెలవు. మార్మోట్లు, ప్రెయిరీ డాగ్ అని పిలిచే జంతువులు, చిప్‌మంకులు కూడా ఈ శాఖలోవే. మీరు చూసింది కాలిఫోర్నియా నేల ఉడుత, శాస్త్రీయ నామం ఓటోస్పెర్మోఫిలస్ బీచియి. పాత పుస్తకాల్లో దీన్ని స్పెర్మోఫిలస్ అనే ప్రజాతిలో చూపిస్తారు, ఆ పేరుకు గ్రీకులో గింజలంటే ఇష్టపడేదని అర్థం. 2009లో ఆ ప్రజాతిని ఎనిమిదిగా విడగొట్టారు కనుక పాత పుస్తకంలో ఒక పేరు, కొత్త పుస్తకంలో ఇంకో పేరు కనబడితే కంగారు పడనక్కరలేదు. మన దేశంలో ఈ శాఖకు ప్రతినిధులు హిమాలయాల మార్మోట్లు మాత్రమే. లడఖ్ వెళ్లినవారికి పాంగాంగ్ సరస్సు దారిలో పిల్లికన్నా పెద్దగా, బొద్దుగా, గోధుమరంగులో కనిపించేవి అవే. ములుగు అడవిలో ఎంత వెతికినా, కరీంనగర్ గుట్టల్లో ఎంత తిరిగినా నేల ఉడుత కనబడదు.

కంటితో తేడా పట్టడం కష్టమేమీ కాదు. మన ఉడుత వంద గ్రాములు తూగితే కాలిఫోర్నియా నేల ఉడుత అర కిలోకు అటూ ఇటూ ఉంటుంది. దానికి వీపు మీద చారలు ఉండవు, బూడిద గోధుమ రంగు మీద తెల్లని మచ్చలు చల్లినట్టుంటాయి. తవ్వడానికి పనికొచ్చే పొడవాటి గోళ్లుంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, దానికి నోటి లోపల రెండు బుగ్గల్లోనూ సంచులుంటాయి. మీ మనవరాలు పెట్టిన పల్లీలను అది నమలకుండా బుగ్గలు ఉబ్బించుకొని పరుగెత్తడం మీరు చూసే ఉంటారు. మన ఉడుతకు ఆ సంచులు లేవు కనుక అది ముందు కాళ్లతో పట్టుకొని అక్కడే కూర్చొని తింటుంది.

ఇక మీ మిగతా ప్రశ్నలన్నిటికీ నా జవాబు ఒక్కచోటి నుంచే మొదలవుతుంది, అది బొరియ. చెట్టు ఉడుత ప్రమాదం రాగానే పైకి పోతుంది, నేల ఉడుత కిందికి పోతుంది. పైకి పోయేదానికి దాక్కునే చోటు అడుగడుగునా దొరుకుతుంది, కిందికి పోయేదానికి తాను తవ్వుకున్న చోటే ఆధారం. దాని నిద్ర, దాని అరుపు, దాని చుట్టరికాలు, పాముతో దాని పగ, అన్నీ ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతాయి.

కాలిఫోర్నియా నేల ఉడుత బొరియ సాధారణంగా రెండు నుంచి నాలుగు అడుగుల లోతున ఉంటుంది, పొడవు ఐదు అడుగుల నుంచి ముప్పై అడుగులు దాటేవరకు ఉండవచ్చు. దానికి ఒకటికన్నా ఎక్కువ ద్వారాలుంటాయి. తరతరాలుగా తవ్విన చోటే మళ్లీ తవ్వడంతో పక్క పక్క బొరియలు కలిసిపోయి గుట్ట కిందంతా చిన్న పేట తయారవుతుంది. ఒకరు తవ్వితే మరొకరు కాపురం పెట్టడం మన సామెతల్లో ఉన్నదే కదా, అక్కడా అంతే: బొరియల్లో ఉండే ఒక జాతి గుడ్లగూబ, టైగర్ సాలమాండర్ అనే ఉభయచరం, కప్పలు, పాములు ఆ బొరియలనే ఇళ్లుగా వాడుకుంటాయి. ఆ సాలమాండర్ అయితే ఎండాకాలమంతా ఈ బొరియల్లోని చల్లదనం మీదే ఆధారపడుతుంది. నేల ఉడుతలను తుడిచిపెడితే అదీ పోతుంది.

కట్టలకు నష్టం చేస్తాయన్నది మాత్రం నిజం. అక్కడి శాక్రమెంటో డెల్టాలో నదుల వెంట మట్టికట్టలున్నాయి, వాటిలో నేల ఉడుతలు తవ్విన సొరంగాల గుండా నీరు పారి కట్ట బలహీనపడటం ఇంజనీర్లకు ఎప్పుడూ ఉండే తలనొప్పి. పాకాల, రామప్ప, లక్నవరం కట్టల కింద వ్యవసాయం చేసిన మన ప్రాంతం వాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కరలేదు, కట్టకు బుంగ పడటమంటే ఏమిటో మనకు తెలుసు. తేడా ఒక్కటే, ఇక్కడ ఆ పని చేసేవి ఎలుకలూ పందికొక్కులూ ఎండ్రకాయలూ.

ఇప్పుడు నిద్ర సంగతి. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే "ఆరు నెలలు నిద్రపోతాయి" అన్న మాటలో నిద్ర అన్న ముక్కే తప్పు. నేల ఉడుత శీతాకాలంలో చేసేది నిద్ర కాదు, ఒంటి పొయ్యిని దాదాపు ఆర్పేయడం. మామూలుగా మనలాగే దాని శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. శీతాకాలపు సుప్తావస్థలోకి వెళ్లినప్పుడు అది బొరియలోని మట్టి ఎంత చల్లగా ఉంటే దాదాపు అంత చల్లబడుతుంది. నిమిషానికి రెండు మూడు వందల సార్లు కొట్టుకునే గుండె పదిలోపుకు దిగుతుంది. చేతిలోకి తీసుకుంటే చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టే ఉంటుంది. అలాస్కాలో ఉండే ఆర్కిటిక్ నేల ఉడుత అన్నిటికన్నా ముందుకు పోయింది. బ్రయన్ బార్న్స్ అనే శాస్త్రవేత్త వాటి పొట్టలో చిన్న ఉష్ణమాపక పరికరాలు అమర్చి, వాటి ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 2.9 డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోతుందని 1989లో ప్రచురించాడు. నీరు గడ్డకట్టే స్థాయికన్నా కిందికి పోయినా ఆ రక్తం గడ్డకట్టదు. మంచు పలుకు ఏర్పడటానికి ఆధారమయ్యే కణాలేవీ రక్తంలో లేకుండా ఉంటే ద్రవం సున్నా కిందికి పోయినా ద్రవంగానే ఉండగలదు, ఆ ఉడుత రక్తం ఆ స్థితిలో ఉంటుంది.

ఆ స్థితి కూడా ఏకబిగిన సాగదు. రెండు మూడు వారాలకోసారి ఆ ఉడుత లోపలినుంచే తనను తాను వేడి చేసుకుంటుంది. భుజాల మధ్య, మెడ దగ్గర ఉండే గోధుమరంగు కొవ్వు ఇందుకే ప్రత్యేకించినది: అది కరిగి కదలికకు కాకుండా నేరుగా వేడికి ఖర్చవుతుంది. దానికి కండరాల వణుకు తోడై కొద్ది గంటల్లోనే ఒళ్లు తిరిగి 37 డిగ్రీలకు వస్తుంది. ఆ వెచ్చదనంలో ఒక పూటో రోజో గడిపి మళ్లీ చల్లబడుతుంది. శీతాకాలం మొత్తం మీద కాల్చే కొవ్వులో అత్యధిక భాగం ఈ కొద్దిపాటి మేలుకొలుపులకే ఖర్చవుతుందంటే ఎంత ఖరీదైన వ్యవహారమో ఊహించండి. అంత ఖర్చు పెట్టి లేచి అది చేసే ముఖ్యమైన పని ఏమిటో తెలుసా? నిద్రపోవడం. మెదడులోని విద్యుత్ తరంగాలను కొలిచినవారు 1990 దశకం మొదట్లో చూసింది ఇదే. చల్లబడ్డ స్థితిలో మెదడుకు అసలైన నిద్ర దొరకదు, వెచ్చబడగానే నిద్రకు మొహం వాచినట్టుగా గాఢనిద్రలోకి జారుతుంది. నా విద్యార్థులకు ఇది చెప్పిన ప్రతిసారీ తరగతి నవ్వేది, నేనూ నవ్వేవాణ్ని.

ఏ నెలలో కిందికి దిగాలో దానికి ఎవరు చెబుతారు? చలి చెబుతుందని అనుకుంటాం. ఎరిక్ పెంగెలీ, ఆయన సహచరులు 1950, 60 దశకాల్లో బంగారు మెడ నేల ఉడుతలను ఏడాది పొడవునా ఒకే వేడి, ఒకే వెలుతురు ఉండే గదుల్లో పెట్టి చూశారు. బయటి రుతువు జాడ ఏదీ లోపలికి రాకపోయినా అవి ఏడాదికి కాస్త తక్కువ కాలానికోసారి బలిసి, మేత మానేసి, సుప్తావస్థలోకి పోయి, మళ్లీ లేచాయి. అంటే పంచాంగం వాటి లోపలే ఉంది. బయటి రుతువు చేసేది ఆ పంచాంగాన్ని సరిదిద్దడం మాత్రమే.

నెలల తరబడి తిండి లేకుండా, కదలకుండా పడి ఉంటే మనిషి కండ కరిగిపోతుంది. నేల ఉడుత కండ పెద్దగా కరగదు. దానికి ఒక కారణం మన గేదెల కొట్టంలో కనిపించేదే. ఎండుగడ్డికి యూరియా పట్టించి మేపితే గేదె కడుపులోని సూక్ష్మజీవులు ఆ యూరియాలోని నత్రజనిని మాంసకృత్తులుగా మారుస్తాయని పశువైద్యులు మీకు చెప్పే ఉంటారు. పదమూడు చారల నేల ఉడుత మీద విస్కాన్సిన్‌లో చేసిన పరిశోధన 2022లో వెలువడింది. దాని ప్రకారం మామూలుగా మూత్రంలో పోవలసిన యూరియాను ఆ ఉడుత శీతాకాలంలో పేగుల్లోకి పంపుతుంది, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టి నత్రజనిని తిరిగి శరీరానికి అందిస్తాయి, అది కండల మాంసకృత్తుల్లో చేరుతుంది. గేదె బయటి యూరియాతో చేసే పనిని ఇది తన యూరియాతోనే చేసుకుంటుంది.

మీరు ఉన్న చోట ఇంత తీవ్రమైన నిద్ర కనబడకపోవడానికి కారణం అక్కడి వాతావరణమే. కాలిఫోర్నియాలో చలి తక్కువగా ఉండే తీరప్రాంతాల్లో కొన్ని నేల ఉడుతలు ఏడాదంతా బయట తిరుగుతూనే ఉంటాయి. లోపలి లోయల్లో పెద్దవి ఎండలు ముదిరి గడ్డి ఎండిపోగానే బొరియలోకి దిగి వేసవి సుప్తావస్థలో గడుపుతాయి, ఆ ఏడాది పుట్టిన పిల్లలు మాత్రం పైన తిరుగుతాయి. రోహిణికార్తెలో మన దగ్గర కుక్క కూడా నీడ వదలని మధ్యాహ్నాలు తెలిసినవారికి ఆ తర్కం వేరే చెప్పాలా? మన ఉడుతకు మాత్రం ఈ రెండు రకాల నిద్రలూ లేవు. ఏడాది పొడవునా ఏదో ఒక చెట్టు పూతో కాయో ఇచ్చే చోట దానికి ఆ అవసరమే రాలేదు.

అరుపు విషయానికి వద్దాం. గద్ద కనబడగానే ఒకటి అరిస్తే దాని మీదికే గద్ద చూపు పోతుంది కదా, మరి ఎందుకు అరుస్తుంది అన్నది మీ సందేహం. దీని మీద పాల్ షెర్మన్ చేసిన పని జీవశాస్త్రంలో ఒక మైలురాయి. కాలిఫోర్నియాలోనే సియెరా నెవాడా పర్వతాల్లో, టియోగా కనుమ దగ్గర, బెల్డింగ్ నేల ఉడుతలకు గుర్తులు వేసి ఏది ఎవరి బిడ్డో తెలుసుకొని, అవి ఎప్పుడు ఎవరు అరిచాయో ఏళ్ల తరబడి లెక్క రాశాడు. 1977లో వెలువడిన ఆ పరిశీలన తేల్చింది ఇది: నేల మీద వచ్చే శత్రువును, అంటే కొయోటీ వంటి నక్కజాతి జంతువునో ముంగిస లాంటి వీజిల్‌నో చూసి అరిచేవాటిలో ఎక్కువ ఆడవే. అందులోనూ పక్కన తల్లీ కూతుళ్లో అక్కచెల్లెళ్లో ఉన్న ఆడవే ఎక్కువగా అరిచాయి. మగవి మౌనంగా జారుకున్నాయి.

దీనికి కారణం వాటి కాపురాల తీరులో ఉంది. మన ఊళ్లలో ఆడపిల్ల అత్తారింటికి పోతుంది, కొడుకు పుట్టినచోట ఉంటాడు. నేల ఉడుతల్లో తిరగబడి ఉంటుంది: మగపిల్ల ఎదగగానే దూరంగా వెళ్లిపోతుంది, ఆడపిల్లలు తల్లి బొరియ పక్కనే తమ బొరియ ఏర్పరచుకుంటాయి. అందుకే ఆడదాని చుట్టూ రక్తసంబంధులుంటారు, మగదాని చుట్టూ పరాయివాళ్లుంటారు. అరిచి తాను పోయినా తన రక్తం పంచుకున్న నలుగురు బతికితే ఆ అరుపును నేర్పిన జన్యువు నష్టపోదు. అరిచే ఉడుత ఈ లెక్క వేసుకొని అరుస్తుందని కాదు, ఆ లెక్కకు సరిపడిన స్వభావం ఉన్నవాటి సంతానమే మిగిలింది.

మీరు అడిగిన గద్ద విషయంలో మాత్రం కథ మారుతుంది. గద్దను చూసి వేసే ఈల చిన్నది, పదునైనది, నేల శత్రువుకు వేసే అరుపు వరసగా సాగే గలగల. ఈల వినబడగానే అన్నీ ఒక్కసారిగా పరుగెత్తుతాయి, ఆ గందరగోళంలో ఈల వేసినదానికే బతికే అవకాశం ఎక్కువగా ఉందని షెర్మన్ తర్వాతి పరిశీలనల్లో తేలింది. అంటే ఒకే జంతువు ఒక అరుపును చుట్టాల కోసం, ఇంకో అరుపును ముఖ్యంగా తన కోసం వాడుతోంది. ఈ ప్రేమబంధాలను చూసి వాటిని మరీ సాధువులనుకోకండి. అదే బెల్డింగ్ ఉడుతల్లో చుట్టరికం లేని ఆడవి పొరుగు బొరియలో చొరబడి పిల్లలను చంపడం కూడా షెర్మన్ నమోదు చేసిందే.

పాములతో వాటి వ్యవహారం మీరు చూడలేదేమో, అది చూడదగ్గది. అక్కడి గిలక పాము మన కట్లపాము, రక్తపింజరల్లాగే విషసర్పం, వసంతంలో దానికి ఇష్టమైన ఆహారం బొరియలోని ఉడుత పిల్లలు. ఎదిగిన కాలిఫోర్నియా నేల ఉడుత రక్తంలో ఆ విషాన్ని అణచే మాంసకృత్తులున్నాయి, అందుకే కాటు పడ్డా అది చాలాసార్లు తేరుకుంటుంది. పిల్లల ఒంట్లో రక్తం తక్కువ, కాటులో వచ్చే విషం మోతాదు వాటికి మించిపోతుంది. కాబట్టి తల్లి పాముకు ఎదురు నిలబడుతుంది: ముందు కాళ్లతో మట్టి, ఇసుక పాము ముఖం మీదికి చిమ్ముతుంది, తోకను జెండాలా అటూ ఇటూ ఊపుతుంది. గిలక పాముకు కంటికీ ముక్కుకూ మధ్య వేడిని గ్రహించే గుంటలుంటాయి. ఆ పాము ఎదురైనప్పుడు ఉడుత తోకలోకి వెచ్చని రక్తాన్ని పంపి తోకను వేడెక్కిస్తుందని, వేడిని గ్రహించలేని గోఫర్ పాము ఎదురైతే అలా చేయదని డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2007లో చూపించారు. వాళ్లు తోక వేడెక్కే మర ఉడుతను తయారు చేసి పాము ముందు పెట్టి కూడా చూశారు, తోక వేడిగా ఉన్నప్పుడు పాము దూకుడు తగ్గించి వెనక్కి తగ్గింది. ఇంకో విచిత్రం, ఈ ఉడుతలు పాము కుబుసాన్ని నమిలి ఆ లాలాజలాన్ని ఒళ్లంతా నాకి పూసుకుంటాయి. రాత్రి బొరియలో పడుకున్నప్పుడు తమ వాసన పాము వాసనలా ఉండటానికి ఇది పనికొస్తుంది. మన ముంగిస ప్రతాపాన్ని వింటూ పెరిగిన మనకు ఇది కొత్త కథేమీ కాదు, పాత్ర మాత్రమే మారింది.

గింజలు తినే అమాయకప్రాణి అన్న మన అభిప్రాయం కూడా పూర్తిగా నిజం కాదు. 2024 వేసవిలో అక్కడి కాంట్రా కోస్టా కౌంటీలోని ఒక ఉద్యానంలో ఈ ఉడుతలు వోల్ అనే చిట్టెలుకలను వెంటాడి చంపి తినడం పరిశోధకులు పదే పదే చూసి ప్రచురించారు. ఆ ఏడాది ఆ ఎలుకలు విపరీతంగా పెరిగాయి, దొరికిన తిండిని ఇవి వదలలేదు.

చేత్తో తినిపించడం గురించి: దయచేసి మీ అబ్బాయికి చెప్పి మాన్పించండి. ఇది మర్యాదకు సంబంధించిన మాట కాదు, ప్లేగుకు సంబంధించిన మాట. ప్లేగు సూక్ష్మజీవి ఇప్పటికీ పశ్చిమ అమెరికాలో నేల ఉడుతల్లోనూ వాటి ఒంటి మీద ఉండే ఫ్లీ అనే రెక్కలు లేని, రక్తం పీల్చే చిన్న పురుగుల్లోనూ తిరుగుతూనే ఉంది. 2021 ఆగస్టులో టాహో సరస్సు దక్షిణ తీరంలో చిప్‌మంకుల్లో ప్లేగు బయటపడి సందర్శకుల కేంద్రాన్ని కొన్నాళ్లు మూసివేశారు. ట్యులరీమియా అన్న మరో జబ్బుకు ఆ పేరు వచ్చిందే కాలిఫోర్నియాలోని ట్యులారే కౌంటీ నుంచి, 1911లో దాన్ని మొదట గుర్తించింది అక్కడి నేల ఉడుతల్లోనే. 1994లో సూరత్ ప్లేగు కబురు వచ్చినప్పుడు మన వరంగల్ రైల్వేస్టేషన్‌లో కూడా మొహాలకు రుమాళ్లు కట్టుకున్న జనం నాకు గుర్తున్నారు. అంత భయం అవసరం లేదు, సకాలంలో యాంటీబయాటిక్ మందులు పడితే ప్లేగు నయమవుతుంది, మనుషులకు సోకేదీ చాలా అరుదుగానే. కానీ కాటు వేయగల, ఆ పురుగులను మోయగల అడవి జంతువు మూతి దగ్గరికి చిన్నపిల్ల వేళ్లు పోనివ్వడానికి నాకు కారణం కనబడదు. చచ్చిన ఉడుతను తాకవద్దని, పెంపుడు కుక్కను బొరియల దగ్గరికి వదలవద్దని కూడా చెప్పండి. లడఖ్‌లో పర్యాటకులు మార్మోట్లకు బిస్కెట్లు పెట్టడం చూసి నేను ఇదే మాట చెప్పబోతే, మన హైదరాబాద్ బండిలోంచి దిగినాయన నన్ను ఎగాదిగా చూశాడు.

చివరగా మీ గట్టు. మన చెలకల్లో బొరియలు తవ్వేవి ముఖ్యంగా రెండు. చిన్న పందికొక్కు తన ద్వారం దగ్గర గుల్ల మట్టిని కుప్పగా పోసి, లోపల ఉన్నప్పుడు ద్వారాన్ని మట్టితో మూసుకుంటుంది, లోపలి గదుల్లో వడ్లూ మక్కలూ దాస్తుంది. ఇంగ్లిష్‌లో దీన్ని బాండికూట్ అంటారు, ఆ మాట మన తెలుగు పందికొక్కు నుంచే పోయింది. తర్వాత ఆస్ట్రేలియాలో ఏ సంబంధమూ లేని సంచి జంతువులకు కూడా అదే పేరు తగిలించారు. రెండోది జెర్బిల్ అనే ఎలుక. ఇది ఎర్రచెలకల్లో ఎక్కువ, దీని వెనక కాళ్లు పొడవు, తోక చివర కుచ్చు ఉంటుంది, గెంతుతూ పోతుంది. ఈ రెండూ రాత్రి తిరిగేవి కనుక మీకు కనబడవు, పగలు పల్లికాయ ఏరుకోవడానికి వచ్చిన ఉడుత మాత్రం కనబడుతుంది, దాంతో బొరియ నేరం దాని మీద పడింది.

నిర్ధారించుకోవడానికి మందు అక్కరలేదు, ఒక్క రాత్రి చాలు. సాయంత్రం చీకటి పడే ముందు గట్టు మీది కన్నాలన్నిటినీ తడిమట్టితో మూసి, ఒక్కోదాని పక్కన పుల్ల గుచ్చి, ఎన్ని మూశారో రాసుకోండి. చెయ్యి మాత్రం కన్నంలో పెట్టకండి, పారతోనో కర్రతోనో మట్టి కొట్టండి. నాగుపామూ జెర్రిపోతూ ఎలుకల వెంటే ఆ కన్నాల్లోకి పోతాయి. మర్నాడు తెల్లారక ముందే వెళ్లి ఎన్ని తెరుచుకున్నాయో చూడండి. నేల ఉడుత అయినా మన ఉడుత అయినా పగటి జీవులు, చీకట్లో తెరుచుకున్న కన్నం ఎలుకదే. తెరుచుకున్నవాటిని మాత్రమే గుర్తించి, ఆ లెక్కతో మీ మండల వ్యవసాయ విస్తరణ అధికారి దగ్గరికి వెళ్తే ఎర ఎంత కలపాలో, ఎక్కడ పెట్టాలో చెబుతారు. ఎర మాత్రం బొరియ లోపలే పెట్టాలి, గట్టు మీద చల్లితే పగలు ముందుగా తినేది మీరు అనుమానించిన ఆ ఉడుతే.